పోతుండా, వదినా

శుక్రవారం పొద్దున నేను బడికి బయల్దేరబోతుంటే, ముత్తుకూరు వైపు నుంచి ఎండుచేపల గంపలతో కోవూరుకు వచ్చే మనిషి మా గుమ్మం ముందు ఆగాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, "మీ మేనత్త పోయిందమ్మా" అన్నాడు. నేను చెప్పుల్లో కాలు పెడుతూనే, "యాడికి?" అని అడిగాను.

ఆయన నా మొహం వంక చూసి తల వంచుకున్నాడు. అప్పటికిగాని నాకు బోధపడలేదు. వేరే ఎవరి గురించైనా ఆ మాట వింటే గుండె ఝల్లుమంటుంది. మా అత్త సంగతి వచ్చేసరికి మాత్రం మా ఇంట్లో ఎవరమూ ఆ మాటకు ఉలిక్కిపడం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె పోతూనే ఉంది. పక్క పాళేనికో, కాలువ అవతలికో, నెల్లూరికో. అత్త ఏదని అడిగితే "పోయింది" అనడం, మళ్ళీ పొద్దు వాలేసరికి ఆమె తిరిగి రావడం మాకు అలవాటు. అందుకే ఆ మనిషిని అట్లా అడిగాను. ఆయన పాపం ఏమనుకున్నాడో.

ఇది రాయడానికి కూర్చుని ఇప్పటికి చాలాసార్లు లేచాను. నీళ్ళు తాగడానికని ఒకసారి, పెరటి తలుపు వేశానో లేదో చూడడానికని ఒకసారి. మా అత్త గురించి రాయాలంటే కుదురుగా కూర్చోవడం కుదిరేటట్టు లేదు.

మా నాన్నకు ఆమె ఒక్కతే చెల్లెలు. మాది సముద్రం మీద బతికే ఇల్లు. ఆ ఇంట్లో పుట్టిన పిల్ల నెల్లూరులో నర్సు చదువు చదవడమే పెద్ద వింత అయితే, చదువు కాగానే సైన్యంలో చేరి, జపానుతో యుద్ధం జరుగుతుంటే అస్సాం కొండలు దాటి బర్మా సరిహద్దుకు పోవడం ఇంకా వింత. వెళ్ళేరోజు మాత్రం అందరిలాగే "పోయొస్తా వదినా" అని మా అమ్మకు చెప్పే వెళ్ళిందట. మా అమ్మ ఈ ముక్క నొక్కి నొక్కి చెప్పేది. "పోయేటప్పుడు నోరు బాగానే ఉండింది. ఆ పాడు మాట యుద్ధంలోనే నేర్చుకోనొచ్చింది" అని.

ఆ పాడు మాట ఏమిటో మీకు చెప్పాలి. మనం ఇల్లు దాటేటప్పుడు "పోతున్నా" అనం కదా. "వస్తా" అంటాం, "పోయొస్తా" అంటాం. మామూలు ఇళ్ళలోనే అట్లా అయితే, మగవాళ్ళు తెల్లారకముందే పడవెక్కి పోయే మా పాళెంలో ఇంక చెప్పాలా? ఎవరైనా గడప దాటుతుంటే "యాడికి" అని కూడా అడగరు. అట్లాంటి చోట మా అత్త ప్రతి ఇంటి గడప మీదా నిలబడి, స్పష్టంగా, "పోతుండా" అనేది. అంతే. వెనక్కి తిరిగి చూడకుండా ఇసుకలో గబగబా నడిచి వెళ్ళిపోయేది.

పైగా ఎవరైనా ఆమెతో "పోయొస్తా" అంటే ఊరుకునేది కాదు. "ఎప్పుడు?" అని అడిగేది. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగేది. జవాబు చెప్పేదాకా మొహంలోకి చూస్తూ నిలబడేది. పెళ్ళయిన కొత్తలో మా ఆయన మర్యాదగా "వస్తాను పిన్నిగారూ" అన్నాడు. "ఎప్పుడు?" అంది. ఆయన తికమకపడి, నోటికొచ్చినట్టు "అట్లతద్దికి" అన్నాడు. అట్లతద్ది మగవాళ్ళ పండగా? అయినా అన్నందుకు వచ్చాడు. అత్త వాకిట్లోనే నిలబడి ఉంది, ఆయన్ని చూసి తలూపి తన పనిమీద తను పోయింది. ఆ తర్వాత ఆయన ఆమె కనపడకుండా వెళ్ళిపోవడం నేర్చుకున్నాడు.

యుద్ధం నుంచి ఆమె తెచ్చుకున్న సామాను ఒక నల్ల ట్రంకు పెట్టె, నీలం అంచున్న తెల్లటి ఎనామిల్ బేసిను. మా ఇంటి పక్కనే తాటాకు గది వేసుకుంది. కొన్నాళ్ళు నెల్లూరులో ఆసుపత్రి ఉద్యోగం చేసి, నాలుగ్గోడల మధ్య ఊపిరాడదని మానేసింది. తర్వాత సర్కారు వాళ్ళు సముద్రం ఒడ్డు పల్లెలు తిరిగే నర్సు పని ఇస్తే అది మాత్రం ఆమెకు సరిపోయింది. జనం "మిలట్రీ నర్సమ్మ" అని పిలిచేవాళ్ళు. జెల్ల చేప ముల్లు గుచ్చుకుని గిలగిల్లాడే వాళ్ళ చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో పెట్టించడం, మసూచి టీకాలు వెయ్యడం, కాన్పులు చెయ్యడం, వల తాళ్ళు కోసిన అరచేతులకు కట్టు కట్టడం. ఏ ఇంటికి వెళ్ళినా ముందు బేసినులో నీళ్ళు పోయించుకుని, కార్బాలిక్ సబ్బుతో మోచేతుల దాకా తోముకునేది. మా ఇంట్లో ఉన్న రోజున ఆ బేసిను మా అరుగు మీద ఉండేది. దాన్ని నింపి ఉంచడం మా అమ్మ పని. ఆ సబ్బు వాసన అమ్మకు పడేది కాదు, అయినా నింపేది.

ఆమె కూర్చోగా నేను చూసింది తక్కువ. అన్నం నిలబడే తినేది. కంచం చేత్తో పట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ రెండు ముద్దలు మింగేది. "కాలు కాలిన పిల్లి మాదిరి ఏందిమే ఆ తిరగడం? తిన్నది ఒంటికి పట్టబళ్ళా?" అని అమ్మ కేకలేసేది. అత్త నవ్వి ఇంకో చుట్టు తిరిగేది. పడుకున్నా చెప్పులు చెయ్యి చాపితే అందే దూరంలో ఉండాల్సిందే. ఒడ్డున సరుగుడు చెట్లుండే సర్వితోపులో గాలి హోరు పెరిగిందంటే ఆమె లేచి కూర్చునేది. నాకు చదువు చెప్పించమని మా నాన్నను పోరింది కూడా ఆమే. నా పుస్తకాలకు అట్టలు వేసి, ఆసుపత్రి మంచం మీద దుప్పటి మూలలు మడిచినట్టు ఆ అట్టల మూలలు మడిచేది. ఇప్పటికీ నేను పాఠాలు చెప్పే బడిపిల్లల పుస్తకాల మూలలు వంకరగా ఉంటే నా చేతులు ఊరుకోవు.

ఆ మాట వల్ల ఆమె పడిన నింద చెప్పకపోతే ఈ జ్ఞాపకం సగమే అవుతుంది. ఒకసారి పాళెంలో ఒక ఇంట్లో పిల్లకు కాలు కాలితే మందు వేసి, గడప దాటుతూ అలవాటు ప్రకారం "పోతుండా" అంది. ఆ పిల్ల తండ్రి అప్పుడు సముద్రం మీద ఉన్నాడు. ఆరోజు పడవ తిరిగి రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ ఇంటి ఇల్లాలు వీధిలోకొచ్చి మా అత్త గది వైపు దుమ్మెత్తి పోసింది. మా అత్త మాత్రం ఒడ్డునే తిరుగుతూ ఉంది, ఒక్కతే, చీర చెంగు నడుముకు బిగించి. తర్వాత గాలికి పులికాట్ వైపు కొట్టుకుపోయిన పడవ క్షేమంగా వచ్చింది. మనిషి తిరిగొచ్చినాడు గాని, నింద మాత్రం వెనక్కి పోలేదు. ఆ తర్వాత గర్భిణీలున్న ఇళ్ళవాళ్ళు ఆమెను పిలవడానికి జంకారు. పిలిచినా ఆమె లేచే సమయానికి చెవులు మూసుకునేవాళ్ళు. మా అమ్మ కూడా జంకింది. ఆ విషయం అమ్మే ఒప్పుకుంటుంది.

నా తొలికాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు కార్తీక మాసం వానలు. ముత్తుకూరు బాట నీళ్ళలో మునిగి బండి కదిలే దారి లేదు. నొప్పులు మొదలైతే అమ్మ పక్కగదిలో ఉన్న ఆడబిడ్డను పిలవకుండా, పాళెం ఆ చివరన ఉన్న ముసలి మంత్రసానిని పిలిపించింది. అత్త తడక అవతల పొద్దుటి నుంచి తిరుగుతూనే ఉంది. తడక సందుల్లోంచి ఆమె తెల్ల చీర ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోవడం నాకు కనపడుతూనే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత మిలట్రీ చేసిన మనిషి పక్కన ఉండగా నన్ను ఒక మాటకు భయపడి చంపుతారా అని అమ్మను తిట్టాను కూడా.

మగబిడ్డ పుట్టాడు. మాయ పడింది. కాని నెత్తురు ఆగలేదు. మంత్రసాని మొహం పాలిపోయింది. అప్పుడు అమ్మ తడక దగ్గరికి పరిగెత్తి, "రామ్మే, రా, ఏమన్నా అనుకో, రా" అంది. అత్త అరుగు మీద చేతులు కడుక్కుని లోపలికి వచ్చింది. ఆ కంగారులో కూడా చేతులు కడుక్కోవడం ఒక్క రవ్వ కూడా తగ్గించలేదు. బొడ్డు కింద చేత్తో పట్టి గట్టిగా రుద్దింది, సూది వేసింది, బిడ్డను నా రొమ్ముకు పట్టించింది. కాసేపటికి నెత్తురు తగ్గింది. మంత్రసాని దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. అత్త బేసినులో మళ్ళీ చేతులు కడుక్కుని, "పోతుండా వదినా" అంది.

అమ్మ వాకిలికి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"పోయొస్తా అను."

"అనను."

"పచ్చిబాలింత ఉండే ఇల్లు. నీ కాళ్ళు పట్టుకుంటా. ఒక్క మాట. పోయొస్తా అని పో."

"అనను వదినా. నా వల్ల కాదు."

"అనకపోతే ఈ గడప దాటనీను."

"అయితే పోను. ఈడే ఉంటా."

నేను మంచం మీద పడుకుని ఇదంతా వింటున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకరు గుమ్మంలో నిలబడ్డారు, ఇంకొకరు నడవలో తిరుగుతున్నారు. ఇద్దరూ ఇద్దరే. మా నాన్న చూరు కింద నిలబడి, "మీ ఇద్దరి పంతం పాడుగాను" అని గొణిగి వానలోకి వెళ్ళిపోయాడు.

ఆ పంతమే నన్ను బతికించింది. మధ్యాహ్నం దాటాక నాకు మళ్ళీ నెత్తురు మొదలైంది, ఈసారి ముందటి కంటే ఎక్కువగా. మాయ ముక్క ఒకటి లోపల ఉండిపోయిందట. అత్త అనవలసిన మాట అనేసి ఏ కాలువ అవతలికో పోయి ఉంటే ఈ మాటలు రాయడానికి నేను ఉండేదాన్ని కాదు. ఆమె నాలుగు అంగల్లో మంచం దగ్గరికి వచ్చింది. ఆమె ఏం చేసిందో నాకు సరిగా తెలియదు, నొప్పి మాత్రం తెలుసు. ఆ ముక్క తీసేశాక, పొట్ట మీద నుంచి చెయ్యి తియ్యకుండా రుద్దుతూ కూర్చుంది. అవును, కూర్చుంది. నా కళ్ళు మూతలు పడుతున్నాయి.

"నిద్రపోవద్దు మే. నేను ఒకటి చెప్తా, విను. వదినా, నువ్వు కూడా విను. ఎందుకు అననో చెప్తా" అంది.

బర్మా సరిహద్దులో వెదురు తడికలతో కట్టిన ఆసుపత్రి అట. బురద. శత్రువు దగ్గరికి వస్తున్నాడని, గాయపడిన వాళ్ళను లారీల్లో వెనక్కి తరలిస్తున్నారు. ఆ వార్డులో అందరూ ఏవేవో భాషల వాళ్ళు, ఒక్కడే తెలుగు పిల్లవాడు, గుంటూరు వైపు. అందరూ ఆమెను సిస్టర్ అంటే వాడొక్కడే అక్కా అనేవాడు. తొడలో గాయం. ముందు లారీలో నర్సులు ఎక్కాలని ఆజ్ఞ వచ్చింది. ఆమె వాడి మంచం దగ్గర ఆగి, ఇంట్లోంచి బయటికి పోయేటప్పుడు అన్నట్టే, నోటి అలవాటుగా, "పోయొస్తా తమ్ముడూ" అంది.

"మనకది సెలవు తీసుకునే మాట గదా వదినా. వాడూ తెలుగోడే గదా, వాడికి తెలియదా అనుకున్నా. తర్వాత లారీలో వాణ్ణి ఎక్కించబోతే మంచం కోడు పట్టుకోని వదల్లేదంట. అక్క వస్తానని చెప్పి పోయింది, వచ్చిందాకా ఉంటానని. ఈడ నుంచి ఇంక లారీలు లేవని ఎంత చెప్పినా వినలేదంట. జొరంలో ఉండాడు. వాళ్ళకు టైం లేదు, వదిలేసి వచ్చినారు. ఆ లారీలో వచ్చిన మనిషే నాకు చెప్పినాడు. ఆ తర్వాత వాడేమైనాడో నాకు తెలియదు. వాడు దాన్ని సెలవు మాటగా విన్నాడో, మాట ఇచ్చినానని విన్నాడో అది కూడా నాకు తెలియదు."

వాన పడుతూనే ఉంది. అత్త చెయ్యి మాత్రం ఒక్క క్షణం కూడా ఆగలేదు. నాకు ఏడుపొస్తుంటే, "ఏడువు, పరవాలా. నిద్ర మాత్రం పోవద్దు" అంది.

మర్నాడు నేను లేచి గంజి తాగాక, అత్త చేతులు కడుక్కుని గడప దగ్గర నిలబడి, "పోతుండా వదినా" అంది. అమ్మ ఈసారి అడ్డం రాలేదు. "వస్తావులే, పో" అంది. అత్త వెనక్కి తిరిగి చూసింది. ఎన్నడూ చూడని మనిషి ఆరోజు చూసింది.

అప్పటి నుంచి అదే వాళ్ళిద్దరి ఆచారం. "పోతుండా వదినా" అని ఈమె, "వస్తావులే, పో" అని ఆమె. ఒక మాటను చెరి సగం పంచుకున్నారు. పాళెంలో మిగతా ఆడవాళ్ళు కూడా అమ్మను చూసి అదే నేర్చుకున్నారు. నర్సమ్మ గడప దాటుతుంటే ఇంట్లోంచి ముసలీ ముతకా అందరూ "వస్తావులేమ్మా" అని కేకేసేవాళ్ళు. ఆమె వచ్చేది. రానని ఎన్నడూ అనలేదు, వస్తానని ఎన్నడూ అనలేదు, వచ్చేది మాత్రం తప్పకుండా వచ్చేది.

అయినా ఆమె కాళ్ళు నిలవలేదు. చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ట్రంకు పెట్టె సర్దుకుని నెల్లూరు వెళ్ళింది. వయసు దాటిపోయిందన్నారట. సాయంత్రానికి అదే పెట్టెతో తిరిగి వచ్చి, రెండు బిందెలతో నీళ్ళు మోసి ఇంట్లో ఉన్న తొట్లన్నీ నింపింది. మళ్ళీ పాకిస్తాన్ యుద్ధం అప్పుడు నెల్లూరు స్టేషనులో సిపాయిల రైళ్ళు ఆగుతున్నాయని తెలిసి, మజ్జిగ కుండతో వెళ్ళి ప్లాట్‌ఫారం మీద ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగేది. ఒకరోజు నేనూ తోడు వెళ్ళాను. తెలుగు మాట వినపడితే చాలు, ఆ కిటికీ దగ్గర ఆగి, "మీది యావూరు నాయనా?" అని అడిగేది. మజ్జిగ తాగి గ్లాసు ఇస్తూ ఒక కుర్రాడు, "వస్తాం పెద్దమ్మా" అన్నాడు. ఆమె ఎప్పుడని అడగలేదు. ఖాళీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడింది. రైలు కదిలిపోయాక కూడా ఆ కిటికీ ఉన్న చోటే చూస్తూ ఉంది.

ఈ మధ్య ఆమెకు గుండె బలహీనపడి కాళ్ళకు నీరు పట్టింది. అమ్మ ఆమెను మా ఇంటి నడవలోకి తెచ్చుకుంది. పోయిన ఆదివారం నేను చూడడానికి వెళ్ళాను. మంచం మీద కూడా పాదాలు కదులుతూనే ఉన్నాయి, ఎక్కడికో నడుస్తున్నట్టు. నేను లేస్తూ అలవాటు కొద్దీ "పోయొస్తానత్తా" అన్నాను. "ఎప్పుడు?" అంది. గొంతు సన్నబడింది గాని ఆ చూపు అదే. "మళ్ళీ ఆదివారం" అన్నాను. శుక్రవారం పొద్దున్నే ఆ ఎండుచేపల మనిషి మా గుమ్మంలో నిలబడ్డాడు.

శుక్రవారం వెళ్ళాను, ఆమెను సాగనంపే వేళకు అందుకున్నాను. మిలట్రీ నర్సమ్మకు పాళెం మొత్తం కదిలి వచ్చింది, అప్పుడు దుమ్మెత్తి పోసిన ఇల్లాలితో సహా. ఎవరూ ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయారు. చావింటి నుంచి చెప్పి వెళ్ళకూడదు కదా. నేనూ అట్లాగే చెప్పకుండా బస్సెక్కాను.

ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఇప్పుడు ఎవరికోసం అని మా ఆయన అడగబోయి ఊరుకున్నాడు. వస్తానన్నాను కాబట్టి వెళ్ళాను, అంతే. ఇంటి ముందుకు వచ్చేసరికి అరుగు మీద ఎనామిల్ బేసిను నిండా నీళ్ళతో ఉంది. పక్కన సబ్బు బిళ్ళ.

అమ్మ బయటికి వచ్చి నా చూపు ఎటుందో చూసింది.

"శుక్రవారం ఇంకా తెల్లారకముందే నా చెయ్యి పట్టుకోని చెప్పింది మే," అంది. "పోయొస్తా వదినా అనింది. పూర్తిగా అనింది. ఇన్నేళ్ళు నేను కాళ్ళు పట్టుకున్నా అననిది, అదే అనింది. నాకు ఇంక అనడానికి ఏం మిగల్లేదు. ఎప్పుడు అని ఈసారి నేను అడిగినాను."

"ఏమనింది?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. "చెప్పలేదు. కానీ వస్తానని చెప్పి రాని మనిషి కాదు గదా అది" అంది.

సర్వితోపు మీదుగా గాలి లేచి బేసినులో ఇసుక చల్లింది. అమ్మ ఆ నీళ్ళు వాకిట్లో పారబోసి, బేసిను తుడిచి, మళ్ళీ నింపి పెట్టింది.